తాళం వేస్తేనే నిద్రపోయే బండి

ఓడ్వర్ గురించి చెప్పాలంటే ముందు అతని నోటి గురించి చెప్పాలి. మనిషి మంచివాడు, పనిమంతుడు. కానీ తనకు తెలిసిన సంగతి పదిమందికీ తెలిసేదాకా అతనికి తిండి సయించదు. లాంగ్‌యీర్‌బ్యెన్‌లో, ఉత్తర ధ్రువం దగ్గరి ఈ చిన్న మంచుదీవి ఊళ్ళో, అతని గని కథ విననివాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు నిన్నటి విమానంలో దిగినవాళ్ళే అయి ఉండాలి.

ఆ కథ ఇది. ఓడ్వర్ వయసులో ఉండగా బొగ్గు గనిలో కరెంటు పని చేసేవాడు. ఒకరోజు కొండ కడుపులో ఎక్కడో పెద్ద కేబుల్ తెగి, లోపలికి గాలి పంపే పంకాలు ఆగిపోయాయి. పంకాలు తిరుగుతున్నంతకాలం ఆ మోత ఎవరి చెవికీ ఎక్కదు. ఆగిన క్షణాన మాత్రం అందరూ తలలెత్తారు. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడితే గాలి ఖర్చవుతుందన్నట్టు. ఓడ్వర్ మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి తెగిన చోటు పట్టుకుని అతికాడు. ముందు దూరంగా గుర్రుమని చప్పుడు, ఆ తర్వాత మొహానికి చల్లగాలి. ఆ గాలి తగలగానే పక్కనున్న అంతలావు మనుషులు ఏడ్చారట. "అప్పట్నించి నేను వైరును చేతులు కడుక్కునే ముట్టుకుంటా" అని ముగిస్తాడు ఓడ్వర్. నిజమే, అతని చేతులు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి. బళ్ళు బాగుచేసేవాడి చేతుల్లా ఉండవు.

గని పని తగ్గిపోయాక బళ్ళ షెడ్డులో చేరాడు. భార్య అప్పటికే దక్షిణానికి, పెద్ద ఊళ్ళ వైపు వెళ్ళిపోయింది. ఓడ్వర్ మాత్రం కదల్లేదు. ఎందుకు కదల్లేదని అడిగితే వాదం మొదలెడతాడు గానీ, అసలు కారణం వాదంలో ఉండదు. శీతాకాలంలో నెలల తరబడి సూర్యుడు కనబడని ఈ చోట, మధ్యాహ్నం పూట కొండల మీదికి దిగే ఆ నీలి వెలుగు చూసినప్పుడల్లా అతని నోరు దానంతటదే మూతబడుతుంది. అతని నోరు మూయించగలిగింది ఈ ఊళ్ళో అదొక్కటే.

ఆ జనవరిలో అతని పరువు తీయడానికే అన్నట్టు ఒక బ్యాటరీ వచ్చిపడింది.

బండి గుడ్రున్‌ది. గుడ్రున్ ఇక్కడి చిన్న ఆసుపత్రిలో నర్సు. వంతు ఉన్నప్పుడు ఇంట్లో ఉన్నా సరే, ఫోను మోగితే పరుగున వెళ్ళాలి. మాట కటువు, పని చురుకు. ఆ బండి కొన్నప్పటి నుంచీ బానే ఉంది గానీ, చలి ముదిరాక రెండు రాత్రులు నిలబెడితే చాలు, మూడో పొద్దుకు చడీచప్పుడూ ఉండదు. మొదటిసారి ఓడ్వర్ బ్యాటరీ పాతబడిందని కొత్తది వేశాడు. అదీ చచ్చింది. రెండోసారి, ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఆ కాస్త దూరం తిరిగితే ఏ బ్యాటరీ నిండుతుందని దబాయించి, షెడ్డులో పెట్టి నిండా ఛార్జి ఎక్కించి పంపాడు. మళ్ళీ చచ్చింది.

మూడోసారి గుడ్రున్ షెడ్డుకు నడిచే వచ్చింది. వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"నీ వైద్యం పనిచెయ్యలేదయ్యా."

"చలి తల్లీ, చలి. చలికి బ్యాటరీ సగం మనిషి అయిపోతుంది" అన్నాడు ఓడ్వర్.

"చలి ఈ ఏడే కొత్తగా వచ్చిందా? నిన్న ఏం జరిగిందో తెలుసా నీకు? మంచుబండి బోల్తాపడి ఒకణ్ణి తీసుకొచ్చారు. ఫోను మోగింది. నేను బండెక్కి మీట నొక్కాను. ఏమీ లేదు. కొండ దిగుతూ పరిగెత్తాను, రెండుసార్లు పడ్డాను. నేను వెళ్ళేసరికి డాక్టరు ఒక్కడే వాడి గుండె మీద నొక్కుతున్నాడు. చెమటలు కారిపోతున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఆయన చేతులు ఆగిపోయేవి."

"బతికాడా?"

"బతికాడు. నా వల్ల కాదు. ఇంకొక్కసారి ఇలా అయితే నేనిక్కడ ఉండను ఓడ్వర్. ఒకడు నా బ్యాటరీ వల్ల చచ్చిపోతే, ఆ తర్వాత నేను ఈ ఊళ్ళో ఎలా తిరుగుతాను?"

ఆవిడ వెళ్ళాక ఓడ్వర్ బండిని మళ్ళీ లోపలికి తోయించి, తాళం వేసి, తాళంచెవిని గుమ్మం పక్కనున్న మేకుకు తగిలించాడు. అది షెడ్డు నియమం. తెల్ల ఎలుగుబంట్ల భయానికి వెంట తెచ్చుకునే తుపాకీని వెనక సీట్లో మరిచిపోయి బండి అప్పగించి పోయే మహానుభావులు ఈ ఊళ్ళో తక్కువేమీ కాదు కాబట్టి, లోపలికి వచ్చిన ప్రతి బండికీ తాళం పడాల్సిందే.

బ్యాటరీ తీగ ఒకటి విప్పి మధ్యలో మీటరు పెట్టాడు. నిలబడి ఉన్న బండి ఎంత కరెంటు తాగుతోందో అది చూపిస్తుంది. కాసేపు ఎక్కువే చూపించి, తర్వాత అంకె దిగుతూ దిగుతూ చీమ తాగేంతకు వచ్చి ఆగింది. ఈ లెక్కన నెల్లాళ్ళు నిలబెట్టినా బండి లేవాలి. నమ్మకం చాలక ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాడు. దీపాలు, రేడియో, సీటును వెచ్చబెట్టే తీగలు, అన్నీ అమాయకులే. లోపల ఎవడో తాగుతున్నాడు, పట్టుకుందామంటే కనబడడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఓడ్వర్ ఈశ్వరుడి కంటే తనకు కాస్త ఎక్కువే తెలుసనుకునే రకం కాబట్టి, ఆ పూట అతనికి భోజనం రుచించలేదు.

అతని గొప్పతనం ఒకటి ఒప్పుకోవాలి. మొండివాడే గానీ, తన తప్పును వదిలేసి పారిపోయే మొండివాడు కాదు. ఫిబ్రవరి మొదట్లో ఒకరోజు, రోగిని ఆసుపత్రిలో కాదు ఇంట్లో చూడాలనుకుని, మీటరు చంకలో పెట్టుకుని గుడ్రున్ ఇంటికే వెళ్ళాడు.

ఇళ్ళు గట్టు మీద ఉంటాయి. కింద రోడ్డు పక్కన బళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. పైనుంచి కిందికి కొయ్యమెట్లు. గుడ్రున్ బండి వరసలో మొదటిది. పక్కది బడి పంతులమ్మది, ఆ పక్కది ఓడరేవులో పనిచేసే ఒక జంటది, చివరన కేతిల్ అనే చేపలవాడిది. మధ్యాహ్నం. సముద్రం అవతల కొండలన్నీ నీలంగా వెలుగుతున్నాయి. ఓడ్వర్ బానెట్ ఎత్తి, మీటరు పెట్టి, చేతులు బాహుమూలాల్లో దాచుకుని నిలబడ్డాడు. అంకె దిగింది. సగం దిగి ఆగింది. ఆగి, మళ్ళీ పైకి ఎగిరింది. కాసేపటికి దిగింది, మళ్ళీ ఎగిరింది. షెడ్డులో గంటల తరబడి కదలని అంకె ఇక్కడ ఊపిరి పీలుస్తున్నట్టు లేస్తూ పడుతూ ఉంది. బండిలో ఎవరూ లేరు. దీపం వెలగడం లేదు. కానీ అది మేలుకుని ఉంది.

గుడ్రున్ వేడి కాఫీ, గోధుమరంగు జున్ను పెట్టిన వాఫిల్ అట్టు పట్టుకుని దిగింది.

"దొరికిందా?"

"నీ బండికి నిద్ర పట్టడం లేదు."

"నాకూ పట్టడం లేదు, నీ పుణ్యమా అని. అది సరే, దీని తాళంచెవిలో ఉండే ఆ బొత్తాం బ్యాటరీ కూడా ఈ చలికాలంలో రెండుసార్లు మార్చాను. అదీ అంతే, తొందరగా చచ్చిపోతోంది. అంతా కలిసి నా మీద కక్షగట్టినట్టున్నాయి."

ఓడ్వర్ కాఫీ నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు.

"చెవి ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? బండిలో. గ్లాసు పెట్టుకునే గుంటలో."

"ఎప్పుడూ అక్కడేనా?"

"ఈ ఊళ్ళో అందరూ అక్కడేగా పెట్టేది. ఎవడు ఎత్తుకుపోతాడు, ఎత్తుకుపోయి ఎక్కడికి పోతాడు? రోడ్డు అదిగో అక్కడ అయిపోతుంది."

"ఆ చెవి తీసుకుని మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళు."

ఆవిడ వెళ్ళింది. అంకె సగానికి పడింది, మళ్ళీ ఎగరలేదు. "తీసుకురా" అని అరిచాడు. తెచ్చింది. అంకె ఎగిరింది. మళ్ళీ వెళ్ళమన్నాడు. మూడోసారి మెట్లెక్కాక గుడ్రున్ పైనుంచి, "నన్ను కుక్కపిల్లలా ఆడిస్తున్నావా?" అని కేకేసింది. "ఇప్పుడు అక్కణ్ణించే తాళం మీట నొక్కు" అన్నాడు ఓడ్వర్. తలుపులు టక్కుమన్నాయి. అంకె దిగింది, దిగింది, షెడ్డులో చూసిన చీమ తాగేంత దగ్గరికొచ్చి పడుకుంది.

గుడ్రున్ కిందికి వచ్చాక ఓడ్వర్ చిన్నగొంతుతో చెప్పాడు, గుడిలో మాట్లాడినట్టు.

"ఇవి రెండూ మాట్లాడుకుంటున్నాయి గుడ్రున్. బండి 'ఉన్నావా' అంటుంది, చెవి 'ఉన్నా' అంటుంది. కాసేపటికి మళ్ళీ అడుగుతుంది. చెవి లోపలుంది, తలుపు తీసుంది, అంటే మనిషి ఇప్పుడో ఇంకాసేపటికో వచ్చేస్తుందని దాని నమ్మకం. నువ్వొస్తావని రాత్రంతా కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చుంటోంది. ఈ చలిలో. అలా కూర్చునే చచ్చిపోతోంది."

"అయ్యో" అంది గుడ్రున్. ఆవిడ నోట ఆ మాట అరుదు.

"షెడ్డులో తాళం వేసి చెవి మేకుకు తగిలిస్తున్నాను కదా, అక్కడ హాయిగా నిద్రపోతోంది. నా నియమమే నా కళ్ళు కప్పింది. నీ బండికి రోగం లేదు. రాత్రికి తాళం వెయ్యి, చెవి ఇంట్లో పెట్టుకో. అంతే."

గుడ్రున్ మొహం మారింది. "తాళమా? ఇక్కడా?"

ఈ ఊళ్ళో ఇంటికీ బండికీ తాళం వెయ్యరు. తెల్ల ఎలుగు ఊళ్ళోకి దిగితే, దారిన పోయే మనిషి ఏ తలుపు లాగినా తెరుచుకోవాలి. అలా అని ఎక్కడా రాసిపెట్టలేదు. ఎవరూ ఎవరికీ బోధించరు. కొత్తగా వచ్చినవాడు మొదటివారం అలవాటుకొద్దీ తాళం వేస్తాడు, పక్కింటివాడు ఒక చూపు చూస్తాడు, మళ్ళీ వెయ్యడు.

"నువ్వొచ్చాక ఈ రోడ్డు మీద ఎలుగును చూశావా?" అని అడిగాడు ఓడ్వర్.

"లేదు."

"నేనూ చూడలేదు. నీ ఫోను వారానికి ఎన్నిసార్లు మోగుతుంది? లెక్క నువ్వే చూసుకో."

లెక్క సరైనదే. అంత సరైన లెక్కకు ఎదురు చెప్పడం గుడ్రున్‌కు చేతకాలేదు. ఆ రాత్రి తాళం వేసింది. ఆ వారంలోనే ఒక పసివాడికి ఊపిరి ఆడక ఫోను వచ్చింది. బండి ఒక్క మీటకు లేచింది. వాణ్ణి వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి ఇంటికి పంపి, గుడ్రున్ నేరుగా షెడ్డుకు వచ్చి ఓడ్వర్‌ను కావిలించుకుంది. ఓడ్వర్‌కు ఇక పట్టపగ్గాల్లేవు. కొట్టు దగ్గర, కాఫీ దుకాణంలో, మంగలి దగ్గర, ఎక్కడ నలుగురు కనబడితే అక్కడ 'ఉన్నావా, ఉన్నా' కథ మొదలు. గని కథ వెనకబడిపోయింది. ఆ వరసలో పంతులమ్మ బండికీ, ఓడరేవు జంట బండికీ అదే జబ్బు ఉందని తెలిసి వాళ్ళకూ అదే మందు చెప్పాడు. ముగ్గురి బళ్ళూ నిక్షేపంగా లేవసాగాయి.

కేతిల్ ఒక్కడే వినలేదు. అతని బండీ రెండు రాత్రులకు చచ్చేదే. చచ్చినప్పుడల్లా ఓడ్వర్‌ను పిలిచి తీగలు తగిలించి లేపించుకునేవాడు.

"తాళం వెయ్యవయ్యా బాబూ. వేలితో ఒక్క నొక్కు. ఆ మాత్రం చేతకాదా?" అన్నాడు ఓడ్వర్ ఒకరోజు.

"మర్చిపోతాను."

"మర్చిపోకుండా మనిషివి కావడానికి నీకు ఇంకా ఎన్నేళ్ళు పడుతుంది?"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నా బ్యాటరీ, నా చావు. నువ్వు తీగలు తగిలించి పో" అన్నాడు కేతిల్, చేప ఎండబెట్టినంత నింపాదిగా. ఊళ్ళో కేతిల్ బద్ధకం మీద ఓడ్వర్ కట్టిన హాస్యాలు ఆ నెలంతా నడిచాయి.

మార్చి మొదటివారం. సూర్యుడు ఇంకా ఊళ్ళోకి దిగలేదు గానీ అవతలి కొండల కొసలు పొద్దున్నే బంగారంలా మెరుస్తున్నాయి. ఓడ్వర్ షెడ్డు తెరుస్తుండగా హెలికాప్టర్ మోత వినబడింది, తక్కువ ఎత్తులో, తీరం వెంబడి. ఏదో అనుకుని పనిలో పడ్డాడు. ఒక గంటకు కేతిల్ ఫోను.

"బండి లేవట్లేదు. తీగలు పట్టుకురా."

"ఇంకేం, తెల్లారిందన్నమాట" అన్నాడు ఓడ్వర్.

కేతిల్ నవ్వలేదు. "రా" అని పెట్టేశాడు.

ఓడ్వర్ వరస దగ్గర ఆగి బండి దిగాడు. కొత్త మంచు పడింది, అడుగు పడితే పడినట్టు కనబడుతోంది. పెట్టె తీసుకుని నడవబోయి కిందికి చూశాడు. గుడ్రున్ బండి తలుపు దగ్గర రెండు చిన్న పాదాల గుర్తులు, మడమలు లోతుగా దిగి ఉన్నాయి. తలుపు పిడి మీద పేరుకున్న మంచు నాలుగు వేళ్ళ మేర రాలిపోయింది. అక్కణ్ణించి అడుగులు దూరదూరంగా పడ్డాయి, పరిగెత్తిన అడుగులు. పంతులమ్మ బండి దగ్గర మళ్ళీ రెండు పాదాలు. పిడి మీద మళ్ళీ వేళ్ళు. ఓడరేవు జంట బండి దగ్గర పాదాలు జారిపోయి, ఒక మోకాలు కూడా నేలకు తగిలినట్టుంది. అక్కడ పిడిని రెండుసార్లు లాగారు.

ఆ అడుగుల పక్కన వేరే అడుగులు ఉన్నాయి. అవి పరిగెత్తలేదు. తీరిగ్గా నడిచాయి. ఓడ్వర్ వంగి, చేతితొడుగు తీసి, అరచెయ్యి అందులో పెట్టాడు. వేళ్ళు బార్లా చాచినా చుట్టూ ఇంకా చోటు మిగిలింది. గోళ్ళు దిగిన చోట మంచు నున్నగా తెగి ఉంది. ఇన్నేళ్ళలో ఎలుగు జాడను ఇంత దగ్గరగా అతను చూడలేదు. గంటా రెండు గంటల కింద ఇంతటి ప్రాణం ఇదే నేల మీద ఇలా నడిచి వెళ్ళింది. భయమూ కాదు, భక్తీ కాదు, రెండూ కలిసి మెడ పట్టుకుని వంచినట్టయింది. చెయ్యి తియ్యాలనిపించలేదు. తియ్యకుండా ఉండడానికి ధైర్యం చాలలేదు.

అడుగులు కేతిల్ బండి దాకా వెళ్ళి ఆగిపోయాయి. మనిషి అడుగులు తలుపు దగ్గర ఆగాయి. ఎలుగువి బండి చుట్టూ తిరిగాయి. బానెట్ మీద మంచు ఒక పక్క తుడిచినట్టు పోయింది. కిటికీ అద్దం మీద తడి ముక్కు ఆనించిన మరక గడ్డకట్టి ఉంది, మనిషి మొహం ఉండే ఎత్తులో.

కేతిల్ బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"పిమ్, ఆ థాయ్ ఆవిడ" అన్నాడు. "హోటల్లో పనికి వెళ్తోంది. ఎలుగు అటు తీరం వైపునించి, మెట్లకీ ఆవిడకీ మధ్యకి వచ్చేసింది. ఇళ్ళల్లోకి పోయే దారి లేదు. నా బండిలో కూర్చుంది. లోపల్నించి ఫోను చేస్తే అధికారుల హెలికాప్టర్ వచ్చి ఎలుగును తోలింది. హారన్ కొడితే పైన ఇళ్ళవాళ్ళకి వినబడుతుందని ఎన్నిసార్లో నొక్కిందంట. చచ్చిన బ్యాటరీ, ఏం మోగుతుంది?"

"దెబ్బలేమైనా..."

"లేవు. వణికింది, అంతే. గుడ్రున్ తీసుకెళ్ళి చూసి పంపించింది." కేతిల్ మొహం తిప్పుకున్నాడు. "నేను నిన్న రాత్రి తాళం వేద్దామనే అనుకున్నానయ్యా. నువ్వు అందరి ముందూ నవ్వావని. బూట్లలో కాళ్ళు పెట్టి మళ్ళీ తీసేశాను. చలేసింది."

ఓడ్వర్ వరస వైపు చూశాడు. మూడు బళ్ళు, మీట నొక్కితే లేచే బళ్ళు, తను నిద్రపుచ్చిన బళ్ళు. ఏ ఒక్కటీ తెరుచుకోలేదు. తెరుచుకున్నది ఈ చచ్చిన బండి ఒక్కటే. ఓడ్వర్ రోడ్డు అంచున మంచులో కూలబడ్డాడు.

గుడ్రున్ మెట్లు దిగి వచ్చింది. చేతిలో తాళంచెవి. తిట్టడానికి వచ్చిందనుకున్నాడు, తిడితే బావుణ్ణనుకున్నాడు.

"ముందు నా తలుపే లాగింది" అంది ఆవిడ.

"నేను చెప్పాను నిన్ను వెయ్యమని."

"నువ్వు చెప్పావు. వేసింది నేను." ఆవిడ తాళంచెవిని అతని ముందుకు చాపింది. "నా బండి వల్ల ఒకడు చచ్చిపోతాడని కదా నీ దగ్గరికి వచ్చాను ఓడ్వర్. ఇప్పుడేం చెయ్యను? తాళం వెయ్యకపోతే బండి లేవదు. వేస్తే తలుపు రాదు. ఎవర్ని చంపమంటావు?"

ఓడ్వర్ జీవితంలో మొదటిసారి, తెలియదు అన్నాడు. అని, లేచి, కేతిల్ బండికి తీగలు తగిలించి, షెడ్డుకు వెళ్ళిపోయాడు.

ఉపాయం పెద్దదేమీ కాదు. ఊరికి దూరంగా వాడే బళ్ళలో బ్యాటరీని మొత్తంగా విడదీసే మర స్విచ్చి ఒకటి ఉంటుంది, తిప్పితే బండికి కరెంటే అందదు. కరెంటు లేని బండి దేన్నీ 'ఉన్నావా' అని అడగదు. తీసి ఉన్న తలుపు తీసే ఉంటుంది, దానికి కరెంటుతో పనిలేదు. అది అతనికి ముందే తెలుసు. తాళం మీట వేలికి దగ్గరగా ఉంది కాబట్టి అంత దూరం ఆలోచించలేదు. బుద్ధి ఎప్పుడూ దగ్గరి దారే చూస్తుంది.

మర మామూలుగా బానెట్ కింద పెడతారు. ఓడ్వర్ అలా పెట్టలేదు. బ్యాటరీ నుంచి లావు తీగను లోపలి దాకా లాగి, డ్రైవరు సీటు పక్కన, చీకట్లో తడిమినా చేతికి తగిలేలా బిగించి, దానికి ఎర్రరంగు వేశాడు. లోపల దూరిన మనిషి తిప్పుకుంటే హారన్ మోగాలి. నాలుగు బళ్ళకూ పెట్టాడు. కేతిల్ బండికి మొదట పెట్టాడు. అడిగితే పెట్టలేదు, అడక్కుండానే పెట్టాడు. కరెంటు తీసినప్పుడల్లా బండిలోని గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలవుతోందని పంతులమ్మ ఫిర్యాదు చేసింది. సగం ఏడాది సూర్యుడికే వేళాపాళా లేని ఊళ్ళో గడియారంతో ఏం పని అన్నాడు ఓడ్వర్. అంతకుమించి హాస్యాలాడలేదు. ఎవరికీ ఏ కథా చెప్పలేదు. కాఫీ దుకాణంవాళ్ళు అతనికి ఒంట్లో బాలేదేమో అనుకున్నారు.

అన్నీ అయ్యాక పిమ్ దగ్గరికి వెళ్ళాడు. సూర్యుడు ఊళ్ళోకి దిగిన వారం అది. పిల్లలు ఇంకా సూర్యుడు వచ్చాడన్న సంబరానికి మొహాలకు పసుపురంగు పూసుకుని తిరుగుతున్నారు. పిమ్ థాయ్‌లాండ్ ఈశాన్యపు మనిషి. ఇక్కడికి వచ్చి పుష్కరం దాటింది. హోటల్లో గదులు సర్దుతుంది. పెద్దవాళ్ళందర్నీ వాళ్ళ దేశపు పద్ధతిలో అన్నా, అక్కా అని పిలుస్తుంది. పేర్లు పెట్టి పిలుచుకునే ఈ ఊళ్ళో ఓడ్వర్‌ను అన్నా అనేది ఆవిడ ఒక్కతే. అది అతనికి లోపల్లోపల ఇష్టం.

హోటల్ వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. పని ముగించి వచ్చింది.

"తప్పు నాది పిమ్. వాళ్ళకు తాళాలు వెయ్యమన్నది నేనే."

"తెలుసన్నా. ఊరంతా చెప్పారు."

"కోపంగా ఉందా?"

పిమ్ టోపీ సర్దుకుంది. కాసేపు ఆలోచించింది, మర్యాద కోసం కాదు, నిజం చెప్పడం కోసం.

"ఎలుగు వస్తుంటే కోపానికి తీరిక ఎక్కడన్నా? మొదటి తలుపు రాలేదు. అక్క మర్చిపోయిందనుకున్నా. రెండోది రాలేదు. మూడోది కూడా రాకపోయేసరికి... నవ్వకు. ఇన్నేళ్ళూ మా ఊరికి ఫోను చేసినప్పుడు మా అమ్మతో ఇక్కడి గురించి 'మా ఊళ్ళో' అనే చెప్పేదాన్ని. మా ఊళ్ళో తలుపులకి తాళాలుండవమ్మా అని గొప్పలు పోయేదాన్ని. ఆ మూడో తలుపు దగ్గర మాత్రం, వీళ్ళ ఊళ్ళో తాళాలున్నాయి, నాకే తెలీదు అనిపించింది. ఎలుగు కంటే అదే ఎక్కువ భయం వేసింది."

ఓడ్వర్ కళ్ళు నీళ్ళతో నిండాయి. చలికి అని చెప్పుకునే వీలుంది గానీ చెప్పుకోలేదు.

"ఒక్కసారి నాతో వస్తావా?" అన్నాడు.

ఇద్దరూ తీరం వెంబడి నడిచారు. ఎండ పల్చగా వరస మీద పడుతోంది. గుడ్రున్ పైన కిటికీలోంచి చూసి, కిందికి రాకుండా అక్కడే నిలబడింది. ఓడ్వర్ రోడ్డుకు అవతల ఆగిపోయాడు. పిమ్ ఒక్కతే మొదటి బండి దగ్గరికి వెళ్ళి, చేతితొడుగు తీసి, పిడి పట్టుకుని లాగింది. తలుపు తెరుచుకుంది. నెమ్మదిగా మూసింది. రెండోదాని దగ్గరికి వెళ్ళింది, అదీ తెరుచుకుంది. మూడోదాని దగ్గర చాలాసేపు నిలబడింది. పిడి మీద చెయ్యి వేసి, లాగకుండా, వెనక్కి తిరిగి ఓడ్వర్‌ను చూసింది. లాగింది. తెరుచుకుంది. లోపలికి వంగి ఎర్ర మరను తిప్పి ఒకసారి హారన్ కొట్టింది. ఆ మోత కొండకు తగిలి తిరిగొచ్చింది. మళ్ళీ మర తిప్పేసి తలుపు మూసింది.

నాలుగోది కేతిల్ బండి. దాని పిడి ఆవిడ ముట్టుకోలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది.

"దీన్ని చూడక్కర్లేదన్నా" అంది.